అడుగు పళ్ళెంలో తడి

పోయిన వారం మనం కలుపుపిల్లను తెల్లవారుజామున డాబా మీద, చేతిలో తడి పళ్ళెంతో వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఈ పిల్ల నీళ్ళ ట్యాంకర్ నడిపే ఆయన కూతురు. తన ఈడు పిల్లలంతా బొమ్మల కోసం ఏడుస్తుంటే ఇది గోడ పగుళ్ళలో మొలిచిన పిచ్చిమొక్కలు పీక్కొచ్చి పాత డబ్బాల్లో నాటేది. వీధివాళ్ళు కలుపుపిల్ల అన్నారు, ఆ పేరే అతుక్కుపోయింది. పెద్దయ్యాక మొక్కల చదువు చదవాలని పట్టుబట్టింది. మార్కుల దారిలో ఆ సీటు ఎప్పుడో మూసుకుపోయింది. వచ్చే ఏడాదికి వయసు కూడా దాటిపోతుంది. ఇక మిగిలిన ఒకే ఒక్క సందు ఆకుల మేడం. పరిశోధన తోటలో జీవితమంతా ఆకులు తిరగేసిన మనిషి. "పుస్తకాల్లో లేనిది ఒక్కటి చూపించు, సీటు సంగతి నేను చూసుకుంటా" అందావిడ.

కలుపుపిల్ల చూపించింది. నాన్న ట్యాంకర్ నింపుకునే చోట ఎండిన గోడ మీద ఒక మొక్క బతుకుతోంది. ఇంట్లో దానికి పెట్టుకున్న పేరు మొండిది. దాన్ని కుండీల్లో నాటి, వేసవి మొదలవగానే నీళ్ళు మానేసింది. రోజూ సాయంత్రం ఒకసారి, పొద్దున్నే ఒకసారి కుండీలను కాటా మీద పెట్టి తూచింది. పగలు తగ్గిన బరువు పొద్దుటికి కాస్త పెరుగుతోంది! పక్కనే మొక్క లేకుండా ఒట్టి మట్టితో నింపిన కుండీలూ ఉన్నాయి. వాటి బరువు మాత్రం రవ్వంత కూడా పెరగలేదు. అంటే తాగుతున్నది మట్టి కాదు, మొక్కే. రాత్రి గాలిలోని తేమను ఆకులతో తాగుతోంది. మేడం అది విని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఎంపిక సంఘం పెద్దలు ఆ కుండీలను కళ్ళారా చూడటానికి ఇవాళ పొద్దున ఇంటికే వస్తున్నారు. ఆ సంబరంతో నిద్రపట్టక మసక చీకట్లోనే డాబా ఎక్కి, ఒక కుండీ ఎత్తి చూస్తే అడుగు పళ్ళెంలో తడి ఉంది.

మంచు కాదు. వేలితో అద్దితే చుక్క కారింది. రెండో కుండీ ఎత్తింది. అక్కడా తడే. మూడోది ఎత్తితే పళ్ళెం పొడిగా ఉంది, నాలుగోదీ పొడిగానే ఉంది. ఎవరో వరసగా పోసుకుంటూ వచ్చి మధ్యలో ఆగిపోయినట్టుంది.

ఆగిపోయింది ఎందుకో మెట్ల మీద చెప్పుల చప్పుడు చెప్పింది. నీళ్ళు అయిపోయి, మళ్ళీ నింపుకోవడానికి కిందికి వెళ్ళిన మనిషి పైకి వస్తున్నాడు.

నాన్న. ట్యాంకర్ మీదికి వెళ్ళే చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో నీలం ప్లాస్టిక్ మగ్గు. కూతుర్ని చూడగానే ఆ మగ్గు వీపు వెనక్కి పోయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే, ఆయన కూడా తాను మగ్గును చూడకపోతే ఎవరూ చూడరనుకున్నాడు.

"అప్పుడే లేచావేంటి తల్లీ? నిద్ర పట్టలేదా?"

"వెనకాల ఏంటి?"

"ఏది?"

"నీ చేతిలోది."

"మగ్గు."

"అందులో?"

ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు. ట్యాంకర్ల ఆఫీసులో అందరూ ఆటపట్టించేది దానికే. ఒక్క క్షణం ఆకాశం కేసి చూసి, "నీళ్ళు" అన్నాడు.

కలుపుపిల్ల మగ్గు కేసి చూసింది. పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. "ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"మొదట్నుంచీ కాదులే. ఆకులు వాలిపోయాయి చూడు, అప్పట్నుంచి."

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. సాయంత్రం ఆకులన్నీ వేలాడిపోతే ఏడుస్తూ పడుకుంది. పొద్దున లేచి చూస్తే తలెత్తి నిలబడ్డాయి. జుట్టు కూడా దువ్వుకోకుండా మేడం దగ్గరికి పరిగెత్తింది ఆ రోజే. "మొండిది బతికింది మేడం! దానంతటదే లేచింది!" అని అరిచింది ఆ రోజే. బతుకులో అంత సంతోషం ఇంకెప్పుడూ ఎరగదు. ఆ సంతోషమంతా ఇప్పుడు నాన్న చేతిలో, నీలం మగ్గులో తొణుకుతోంది.

"వీటిని ఎవర్నీ ముట్టుకోవద్దన్నాను కదా నాన్నా."

"మొక్కను ముట్టుకోలేదమ్మా, ఒట్టు. పైన పోస్తే ఎండకి ఆవిరైపోతుంది కదా. అందుకే పళ్ళెంలో పోశా. వేరు తనకు కావలసినంత తాగుతుంది, చుక్క వృథా కాదు. అదీ కుండీకి గుక్కెడే." గుక్కెడే అనడంలో కాస్త గర్వం కూడా ఉంది. నీళ్ళ విలువ తెలిసిన పనివాడి గర్వం అది. తాను చేసిన పని ఎంత పొందికగా చేశాడో కూతురికి తెలియాలి కదా.

నిజంగానే ఎంత పొందికగా చేశాడంటే, పైమట్టి ఏనాడూ తడవలేదు, ఆమె తూచే వేళకు పళ్ళెమూ ఆరిపోయేది. ఆమె చూసినా పొడిగానే ఉంది, మేడం వచ్చి వేలు గుచ్చి చూసినా పొడిగానే ఉంది.

"ఎందుకు చేశావు?" అంది.

"ఎందుకేంటే? అవి చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోనా? ఊరందరి డ్రమ్ములూ నింపి వస్తాను నేను. నా డాబా మీద, నా కూతురి మొక్కలు గొంతెండి చస్తుంటే స్టీరింగ్ ఎలా పట్టుకోమంటావు?"

"చచ్చిపోతే చచ్చిపోయాయని చెప్పేదాన్ని! అదీ ఒక జవాబే నాన్నా! నేను అడిగిందే అది! నీళ్ళు లేకుండా బతుకుతుందా, చస్తుందా అని!"

"చచ్చిపోతే నీకు సీటెవరిస్తారే?"

ఆ మాట నిజం. చచ్చిన మొక్కను చూడటానికి ఏ పెద్దలూ మెట్లెక్కి రారు. చదువులేని నాన్నకు అర్థమైన ఆ సంగతి ఆమెకు ఇంతవరకూ తట్టనే లేదు. ఆ క్షణాన నాన్నంటే ఆమెకు అసహ్యం వేసింది. మరుక్షణం తన మీద తనకే వేసింది. కుండీల పక్కనే నేల మీద కూలబడింది.

నాన్న కంగారుపడిపోయాడు. మగ్గు ఎక్కడ పెట్టాలో తెలియక, డాబా మీది నీళ్ళ ట్యాంకు వెనక దాచి వచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "తప్పయిపోయిందా తల్లీ? అంత పెద్ద తప్పా?"

మంచినీళ్ళు పోయడం తప్పని, ఇన్నేళ్ళుగా జనానికి నీళ్ళు పోసి తనను పెంచిన మనిషితో ఏ నోటితో చెప్పడం?

ఈ మాటలన్నీ కింద కుట్టుమిషన్ దగ్గరున్న అమ్మ చెవిన పడనే పడ్డాయి. మెడలో టేపుతోనే పైకి వచ్చింది. అమ్మకు సంగతి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు. మనిషిని చూస్తే కొలత చెప్పేస్తుంది.

"ఎవరు చూశారు?" అంది.

"అమ్మా..."

"నేనడిగింది చెప్పు. మీ నాన్న పోస్తుంటే ఎవరైనా చూశారా? లేదు కదా. మరి ఎందుకు ఆ శోకాలు? లే. మొహం కడుక్కో."

"అది అబద్ధమమ్మా. నేను కనిపెట్టింది అబద్ధం. మొండిది ఏ తేమా తాగలేదు. నాన్న పోసిన నీళ్ళు తాగింది."

"తాగితే తాగింది. నీకు సీటొస్తే చాలు, అది ఏం తాగితే నాకేం?" అమ్మ గొంతు తగ్గించి, పళ్ళు బిగించి అంది: "సాయంత్రం లోపల ట్యాంకర్ల ఆఫీసాయనకు జవాబు చెప్పాలి, గుర్తుందా? ఫోన్లెత్తడానికి మనిషి కావాలట. నువ్వు కాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాడట. ఇవాళ ఆ వచ్చేవాళ్ళ ముందు నోరు జారావంటే, రేపట్నుంచి 'ఏ వీధి, ఎన్ని ట్యాంకర్లు' అంటూ ముసలిదానివయ్యేదాకా అక్కడే కూర్చుంటావు. ఈ ఇంట్లో మిషన్ తొక్కుతూ నేను కూర్చున్నది చాలదా?"

అమ్మ ఏడవలేదు, ఏడ్చే రకం కాదు. మెడలోని టేపు తీసి గట్టిగా చుట్టేస్తూ మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, విన్నారుగా. ఎవరడిగినా మీరు డాబా ఎక్కలేదు. తెలిసిందా? ఒక్కసారి, ఒక్క అబద్ధం. పిల్ల కోసం."

నాన్న తలూపాడు. బడిలో పాఠం అప్పజెప్పాల్సిన పిల్లాడిలా పెదాలు కదుపుతూ దాన్ని వల్లె వేసుకోవడం కలుపుపిల్ల చూసింది.

ఆకుల మేడం చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. ఎప్పుడూ మట్టి మరకలతో కనిపించే మనిషి ఇవాళ ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. చేతిలో కుండీలకు గుచ్చడానికి కొత్త చీటీలు. రాగానే డాబా ఎక్కి, మొండిదాని ఆకు ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని, పసిబిడ్డ చెవి నిమిరినట్టు నిమిరింది. "రాత్రంతా నిద్రే లేదే పిల్లా! సంఘం పెద్దాయనైతే ఫోన్లో రెండుసార్లు అడిగాడు, నిజంగా ఆకులతోనేనా అని. నేనూ గట్టిగా చెప్పాను. ముట్టుకుని చూసుకోండి అన్నాను."

కలుపుపిల్ల ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. "మేడం, ఈ కుండీలకు నీళ్ళు పడ్డాయి."

"ఎప్పుడు? వాన లేదుగా."

"మా నాన్న పోశారు. రోజూ. నేను లేవక ముందు."

మేడం మొదట నవ్వింది. ముఖ్యమైన రోజు పొద్దున పిల్లలకు పట్టుకునే భయం అనుకుంది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే రంగు మారింది. చీటీలు ఒళ్ళో పెట్టుకుని ట్యాంకు గట్టు మీద కూర్చుని, "మీ నాన్నగార్ని పిలువు" అంది.

నాన్న మెట్ల మీదే ఉన్నాడు. వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు ఈ మొక్కలకు నీళ్ళు పోశారా?"

"లేదండీ" అన్నాడు నాన్న. "నేనసలు డాబానే ఎక్కనండీ. పొద్దున్నే బండి తీసుకుని వెళ్ళిపోతాను."

కలుపుపిల్ల బిత్తరపోయి చూసింది. పుట్టి బుద్ధెరిగాక నాన్న నోట విన్న మొదటి అబద్ధం అది. చెమటలు పట్టి, చెవులు ఎర్రబడి, కళ్ళు నేల మీద పెట్టి చెప్పాడు. తన కోసం చెప్పాడు.

మేడం గట్టిగా ఊపిరి వదిలింది. మనిషికి మళ్ళీ ప్రాణం వచ్చింది. "విన్నావా? పోయలేదంటున్నారు. నీకు కలొచ్చిందే పిల్లా."

"కల కాదు మేడం! నా కళ్ళతో చూశాను! పళ్ళెం తడిగా ఉంది!"

"మంచు పడి ఉంటుంది. సరే, నీ మాటే నిజమనుకుందాం. ఆయన పోశారే అనుకో. పక్కనున్న ఒట్టి మట్టి కుండీల బరువెందుకు పెరగలేదు? నీళ్ళు పోస్తే ముందు అవే కదా బరువెక్కాలి? వాటికి వేర్లు లేవు, ఆకులు లేవు, పోసిన నీళ్ళు పోసినట్టే ఉంటాయి. ఒక్కరోజు కూడా పెరగలేదు. నువ్వే తూచావు, నేనే పక్కనుండి చూశాను. ఈ ఒక్క ముక్క చాలదూ? నీళ్ళు పడలేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?"

నిజమే. ఆ కుండీలు మోసింది ఆమె, తూచింది ఆమె. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కలుపుపిల్ల మనసు గంతులేసింది. ఒకవేళ నాన్న రోజూ పోయలేదేమో! ఒకవేళ ఇవాళ ఒక్కరోజే పోశాడేమో! మొండిది నిజంగానే తాగుతోందేమో! నమ్మితే ఎంత బాగుంటుంది. నమ్మకుండా ఉండటానికి ఎంత బలం కావాలి!

ఒట్టి మట్టి కుండీల కేసి చూసింది. వాటి పళ్ళేలు దుమ్ము పట్టి ఉన్నాయి. నాన్న కేసి చూసింది. ఆయన చేతులు చూసింది. వాల్వులు తిప్పీ తిప్పీ మొద్దుబారిన వేళ్ళు, ట్యాంకర్ పైపు చివర కారే చుక్కలకు కూడా కింద డబ్బా పెట్టే చేతులు. కాళ్ళు కడుక్కున్న నీళ్ళు కూడా మురుగులోకి పోనివ్వని మనిషి.

అడగకుండా ఉంటే అంతా బాగుంటుంది. అది ఆమెకు తెలుసు. అయినా అడిగింది. కోపంగా కాదు, మామూలుగా, అన్నం తిన్నావా అని అడిగినట్టుగా.

"నాన్నా, ఆ ఖాళీ కుండీలకు ఎందుకు పోయలేదు?"

"భలేదానివే, ఒట్టి మట్టికి ఎవడైనా నీళ్ళు పోస్తాడా? వృథా కదా!"

అనేశాడు. ముప్పై ఏళ్ళ ట్యాంకర్ బతుకు ఆ జవాబు చెప్పింది, ఆయన కాదు. అన్నాక నోటి మీద చెయ్యి వేసుకున్నాడు గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

కింద అమ్మ మిషన్ ఆగిపోయింది.

మేడం ఆ ఖాళీ కుండీలనే చూస్తూ కూర్చుంది. వయసు ఒక్కసారిగా మీద పడినట్టు భుజాలు కిందికి జారాయి. "నేను అందరికీ చెప్పేశానే" అంది నెమ్మదిగా. "పెద్ద సభలో చెప్పాను. ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్విన వాళ్ళందరి ముందూ నిలబడి చెప్పాను. మళ్ళీ నవ్వుతారు. ఈసారి నవ్వడంలో వాళ్ళ తప్పు కూడా లేదు."

"నాదే తప్పమ్మా" అన్నాడు నాన్న. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిల్లకేం తెలీదు. నాకు చదువు లేదు. మొక్కలు బతికుంటే సీటిస్తారనుకున్నా. నన్నేమన్నా అనండి, పిల్ల సీటు మాత్రం..."

వీధిలో జీపు ఆగింది. తలుపులు వేసిన చప్పుడు. "ఈ ఇల్లేనా?" అని ఎవరో అడుగుతున్నారు. "ఇదేనండీ, రండి, పైనే ఉన్నారు" అన్న అమ్మ గొంతు.

మేడం దిగ్గున లేచింది. కలుపుపిల్ల రెండు భుజాలూ పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

"విను. ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకో. ఇవాళ సీటు రానీ. రేపు మళ్ళీ మొదట్నుంచి చేద్దాం, మా తోటలో, తలుపుకు తాళం వేసి. మొక్క నిజంగా తాగుతుందేమో, ఎవరికి తెలుసు? తాగదని మాత్రం నువ్వు చెప్పగలవా?"

చెప్పడం ఆమె వల్ల కాదు. అదే నరకం. మొండిది మొండిదో కాదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నాన్న ప్రేమతో పోసిన గుక్కెడు నీళ్ళలో ఆ జవాబు కొట్టుకుపోయింది.

"తాగుతుందని తేలితే ఇవాళ్టి అబద్ధం అబద్ధమే కాకుండా పోతుంది" అంది మేడం. "సీటు లేకపోతే నువ్వు ఎప్పటికీ తేల్చలేవు. ఆలోచించుకో. చదవాలంటే ముందు లోపలికి రావాలి కదే."

మెట్ల మీద అడుగులు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, కలుపుపిల్లది అచ్చంగా అదే పరిస్థితి. ఒకవైపు చదువు, ఒకవైపు ఆ చదువు నేర్పాల్సిన నిజం. మేడం చెప్పిందాంట్లో తప్పెక్కడుందో ఆమె వెతికింది. దొరకలేదు. ఇంకాస్త సమయం ఉంటే దొరికేదేమో.

ముందు పెద్దాయన వచ్చాడు, ఆయాసపడుతూ, నవ్వుతూ. మంచి మొహం. వెనకాల ఇంకొకాయన, ఆ వెనక గుమ్మం దగ్గర అమ్మ. అమ్మ కళ్ళు కూతురి మీదే ఉన్నాయి.

"ఇదేనా నీ తోట!" అన్నాడు పెద్దాయన. కళ్ళజోడు పైకి తోసుకుని మొదటి కుండీ మీదికి వంగి, పైమట్టిలో వేలు గుచ్చాడు. వేలు పైకి తీసి చూసుకున్నాడు. పొడి దుమ్ము. "ఆహా!" అన్నాడు పక్కాయనతో. "చూశారా? పిసరంత తడి లేదు. ఆకులు చూడండి ఎలా ఉన్నాయో." కలుపుపిల్ల వైపు తిరిగాడు. "ఈ మొక్కలేనా అమ్మా, నీళ్ళు లేకుండా బతికినవి? నీ నోటితో వినాలని వచ్చాను."

మేడం ఊపిరి బిగబట్టింది. నాన్న దేవుణ్ణి మొక్కుకుంటున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. గుమ్మంలో అమ్మ అడ్డంగా తల ఊపింది, వద్దు వద్దని.

కలుపుపిల్ల నీళ్ళ ట్యాంకు వెనక్కి నడిచింది. వంగి, నిండుగా ఉన్న నీలం మగ్గును రెండు చేతులతో తీసుకుని, చుక్క ఒలక్కుండా నడిచొచ్చి, పెద్దలు చూస్తుండగా కాటా మీద, మొండిదాని కుండీ పక్కన పెట్టింది.

పెద్దాయన మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఆయన మగ్గును చూశాడు, మగ్గు పక్కన కుండీని చూశాడు, ఆ తర్వాత కలుపుపిల్లను కాదు, ఆకుల మేడంను చూశాడు.

"ఇది మీకు ముందే తెలుసా?" అన్నాడు.